చీకటి గదికి వెలుగు ప్యాకేజీ అమ్ముతున్నారా? డబ్బా వెనకవైపు చదివాకే డబ్బు కట్టండి

ఇంట్లో ఏదో ఒక గది పగలు కూడా లైటు వేసుకుంటే తప్ప పనికిరాదని తిప్పలు పడుతున్నవాళ్ళ కోసం ఈ పోస్టు. ప్యానెల్ లైట్లు, పెద్ద అద్దం, వెలుగును పెంచే పెయింటు, మూడూ కలిపి "మీ చీకటి గదిని పట్టపగలు చేసేస్తాం" అని అమ్మేవాళ్ళు ఈమధ్య ఎక్కువయ్యారు. మేమూ అలాంటి ప్యాకేజీ ఒకటి తీసుకున్నాం. అమ్మినవాళ్ళ పేరు కావాలనే రాయట్లేదు. ఇవే మాటలు, ఇవే ఫొటోలు వేరే పేర్లతోనూ తిరుగుతున్నాయి కాబట్టి, వాళ్ళ పద్ధతిని గుర్తుపట్టడమే మీకు ఎక్కువ ఉపయోగం.

ముందుగా ఆ "ముందు, తర్వాత" ఫొటోల సంగతి. మొదటి ఫొటోలో గది నల్లగా, దిగులుగా ఉంటుంది. రెండోదాంట్లో గోడలు తళతళలాడుతుంటాయి. ఈసారి అలాంటివి కనబడితే గోడల్ని వదిలేసి కిటికీని చూడండి. మొదటి ఫొటోలో కిటికీ అవతల చెట్టు ఆకులతో సహా స్పష్టంగా కనిపిస్తుంది. రెండోదాంట్లో చెట్టూ లేదు, ఆకాశమూ లేదు, కిటికీ మొత్తం ఉత్త తెల్లగా అయిపోయి ఉంటుంది. అంటే మారింది గది కాదు, కెమెరా లోపలికి తీసుకునే వెలుగు మోతాదు, అదే ఎక్స్‌పోజర్. ఫోన్ కెమెరా తెరిచి తెర మీద కిటికీ కనిపించేచోట వేలు పెడితే గది చీకటైపోతుంది, గది మూల మీద పెడితే అదే గది వెలిగిపోతుంది. ఒక్క బల్బు కూడా మార్చకుండా మీ ఇంట్లోనే ఈ రెండు ఫొటోలూ తీసుకోవచ్చు. మాకు చూపించిన ఆల్బమ్‌లో సగానికి సగం ఇలాంటివే.

ఇక లైట్లు. అసలు మోసం ఇక్కడే. డబ్బా ముందువైపు "36 వాట్లు" అని పెద్ద అంకె. వెనక, బార్‌కోడ్ కింద, కంటికి ఆనని అక్షరాల్లో "సమానం" అని ఇంకో మాట. అంటే ఆ ప్యానెల్ వాడేది 36 వాట్లు కాదు, ఏదో పాత రకం దీపంతో పోల్చి వాళ్ళు వేసుకున్న లెక్క. ప్లగ్‌కి పెట్టే పవర్ మీటర్‌తో చూస్తే 18 దాటలేదు. కరెంటు తక్కువైతే మంచిదేగా అనిపించొచ్చు. కానీ వాట్లు చెప్పేది కరెంటు ఎంత ఖర్చవుతుందో మాత్రమే. వెలుగు ఎంతో చెప్పేవి ల్యూమెన్లు. పాత 60 వాట్ల ఫిలమెంట్ బల్బు సుమారు 800 ల్యూమెన్లు ఇచ్చేది. ఇప్పుడు మంచి ఎల్‌ఈడీ బల్బు 8, 9 వాట్లతోనే అంత వెలుగు ఇస్తుంది. మా డబ్బా ఎటు తిప్పినా ల్యూమెన్ల అంకె లేదు. అడిగితే "ఇది హై బ్రైట్ అండీ, ల్యూమెన్లతో పనిలేదు" అన్నారు. ఆ మాట వినగానే బేరం ఆపేయొచ్చు.

ల్యూమెన్లు తెలిస్తే మీరే లెక్క వేసుకోవచ్చు. ఒక చదరపు మీటరు మీద ఒక ల్యూమెన్ పడితే అది ఒక లక్స్. మామూలుగా కూర్చునే గదికి 150 లక్స్ అనుకుంటే, 12 చదరపు మీటర్ల గదికి 1800 ల్యూమెన్లు కావాలి. అదీ ఒక్క చుక్క వృథా కాకుండా. లైటు మీది మూత, గోడలు, బీరువాలు మింగేది కలుపుకుంటే ఇంకా బాగా ఎక్కువే కావాలి. చదువుకునే బల్ల మీద 300 నుంచి 500 లక్స్ ఉంటే కళ్ళకి సుఖం. ఇక "పట్టపగలు" అనే మాట: మబ్బు పట్టిన రోజు కూడా ఆరుబయట వేల లక్స్ వెలుగుంటుంది. ఏ ప్యానెల్ వేసినా గదిలోకి అంత వెలుగు రాదు. అంత మాట ఇచ్చినవాడి మిగతా మాటల్ని కూడా అదే తూకంలో వేయండి.

వెలుగు తక్కువని తెలియకుండా ఉండటానికి వాళ్ళు వాడే కిటుకు రంగు. "కూల్ డేలైట్" అని 6500 కెల్విన్ లైటు పెడతారు. కెల్విన్ అంటే లైటు రంగుకి కొలత: అంకె తక్కువైతే పసుపు, ఎక్కువైతే నీలం. వేసిన క్షణంలో నీలంగా కొట్టేసరికి "అబ్బ, ఎంత వెలుగో" అనిపిస్తుంది. కాసేపు కూర్చుంటే అదే గది బూడిద రంగులో, ఎవరూ ఉండని ఆఫీసు కారిడార్‌లా అనిపిస్తుంది. పడకగదికి, హాలుకి 2700 నుంచి 3000, పనిచేసుకునే చోటికి 4000 హాయిగా ఉంటుందని నా అభిప్రాయం. ఇష్టం ఎవరిది వాళ్ళది. కాదనను.

అంతకంటే బాధపెట్టింది రంగుల నాణ్యత. మంచం మీది ఎర్ర దుప్పటి ఆ లైటు కింద కాఫీ రంగులో కనిపించింది. మనుషుల మొహాలు జ్వరం వచ్చి లేచినట్టున్నాయి. దీన్ని కొలిచే అంకె సీఆర్ఐ. 100 అంటే రంగులు ఉన్నవి ఉన్నట్టు కనిపిస్తాయని అర్థం. ఇంట్లోకి కనీసం 80 చూసుకోండి, 90 దొరికితే వదలొద్దు. ఇందులోనూ ఒక మెలిక ఉంది. ఆ అంకె 8 లేత రంగుల సగటు. ముదురు ఎరుపు అందులో లేనే లేదు, దాన్ని ఆర్9 అని విడిగా చెప్తారు. అందుకే 80 అని రాసి ఉన్న లైటు కింద కూడా ఎరుపు చచ్చిపోవచ్చు. కొట్టులో లైటు వేయించి, దాని కింద మీ అరచేయి పెట్టి చూడండి. పాలిపోయి కనబడితే వద్దనేయండి.

తర్వాత తలనొప్పి. అలంకారానికి అనట్లేదు, నిజమైన తలనొప్పే. ఆ లైటు కింద చదవడానికి కూర్చుంటే కణతలు లాగేవి. కారణం డ్రైవర్, అంటే కరెంటును ఎల్‌ఈడీకి తగ్గట్టు మార్చే చిన్న పెట్టె. దాంట్లో ఖర్చు తగ్గించుకుంటే లైటు ఆగకుండా మినుకుమంటూ ఉంటుంది. 50 హెర్ట్జ్ కరెంటుతో సెకనుకి 100 సార్లు. ఎదురుగా చూస్తే కంటికి తెలియదు. లైటు కింద పెన్సిల్ పట్టుకుని విసనకర్రలా వేగంగా ఊపండి. మంచి లైటు కింద అది మసకగా, ఒకే పొరలా కనిపిస్తుంది. మినుకుమనే లైటు కింద మాత్రం విడివిడిగా చాలా పెన్సిళ్ళు వరసగా నిలబడ్డట్టు ఉంటుంది. ఫోన్ కెమెరాతో చూస్తే తెర మీద నల్ల చారలు పాకుతాయి. ఈ వీడియో పంపిస్తే "కెమెరాలో అన్ని లైట్లూ అలాగే కనిపిస్తాయండీ, మీ కళ్ళకి అలవాటు కావాలి" అని జవాబు. పక్క గదిలోని పాత లైటుని అదే ఫోన్‌తో తీస్తే ఒక్క చార లేదు. ఆ వీడియో కూడా పంపాక జవాబులు ఆగిపోయాయి.

అద్దం గురించి ఎక్కువ చెప్పను. గాజు అని చెప్పి అంటించింది అద్దం పూత వేసిన యాక్రిలిక్ షీటు. గుడ్డతో తుడిస్తే గీతలు పడ్డాయి, నిలబడి చూసుకుంటే మొహం సాగిపోయి కనిపిస్తుంది. పైగా కిటికీకి ఎదురుగా కాకుండా, మేకులు కొట్టడానికి వీలుందని చీకటి గోడకి ఎదురుగా పెట్టారు. అద్దం వెలుగుని పుట్టించదు, ఎదురుగా ఉన్నదాన్నే తిరిగి చూపిస్తుంది. ఇప్పుడు మాకు రెండు చీకటి గోడలు.

పెయింటు డబ్బా మీద "వెలుగును రెట్టింపు చేస్తుంది" అని ఉంది. మామూలు మంచి తెల్ల పెయింటే తన మీద పడిన వెలుగులో 80 శాతానికి పైగా వెనక్కి పంపుతుంది. నూటికి నూరు పంపినా రెట్టింపు ఎలా అవుతుంది? ముదురు రంగు గోడని తెల్లగా మారిస్తే తేడా బ్రహ్మాండంగా ఉంటుంది, నిజమే. అప్పటికే తెల్లగా ఉన్న గోడకి ఇది వేయడం డబ్బు దండగ. పైగా మెరుపు ఫినిష్ కావడంతో గోడలోని ప్రతి గుంటా, ప్రతి పాత మరమ్మతూ బయటపడ్డాయి.

వాళ్ళ ప్యాకేజీలో లేనిది, మాకు నిజంగా పనికొచ్చింది వేరే ఉంది. గది వెలుగుగా ఉందా లేదా అని కన్ను తేల్చుకునేది నేలని చూసి కాదు, గోడల్ని, పైకప్పుని చూసి. ఆ ప్యానెళ్ళు వెలుగంతా కిందికే పోస్తాయి. నేల మెరుస్తుంటుంది, పైకప్పు చీకటిగానే ఉంటుంది. ఉన్న స్టాండ్ లైటునే తల తిప్పి తెల్లటి పైకప్పు మీదికి కొట్టేలా పెడితే, గది ఒక్కసారిగా విశాలమైనట్టు అనిపించింది. పక్కకి నెట్టినా కిటికీ గాజుని సగం కప్పేస్తున్న కర్టెన్‌ని కిటికీ చట్రం దాటి గోడ మీదికి జరిగేలా రాడ్ పొడిగించాం. గాజు బయటివైపు కడిగాం. ఖర్చంతా ఆ రాడ్‌దే.

వారంటీ సంగతి కూడా వినండి. కార్డు మీద పెద్ద అక్షరాల్లో సంవత్సరాలు ఉంటాయి. షరతుల్లోకి వెళ్తే డ్రైవర్‌కి వర్తించదు, డబ్బా లేకపోతే వర్తించదు, బిగించాక వాపసు లేదు. పోయేది డ్రైవరే, దానికే లేకపోతే ఇంక వారంటీ దేనికి? బిల్లు మీద "లైట్లు, సెట్టు" అని రాస్తే ఒప్పుకోవద్దు. మోడల్ నంబరు, ల్యూమెన్లు, కెల్విన్, సీఆర్ఐ, అద్దం గాజా యాక్రిలిక్కా, అన్నీ విడివిడిగా రాయించుకోండి. రాయడానికి వెనకాడితే అదే మీకు జవాబు. ఒకేసారి గది మొత్తం బిగించనివ్వకండి, ఒక్క లైటు పెట్టించి రాత్రిపూట ఒకసారి, పగలొకసారి చూడండి.

ఇలాంటి ప్యానెళ్ళు ఇప్పటికే బిగించుకున్నవాళ్ళు వాపసు గడువు దాటకముందే పెన్సిల్ పరీక్ష చేసి, తేదీ కనిపించేలా వీడియో తీసి దాచుకోండి. డబ్బా పారేయకండి, వెనకవైపు ఫొటో తీసి పెట్టుకోండి. డ్రైవర్ పూర్తిగా పోయాక చూపించడానికి ఆ వీడియో, ఆ ఫొటో తప్ప ఇంకేమీ మిగలదు.