పాత మదర్‌బోర్డులకు 99 శాతం ఐసోప్రొపైల్ ఆల్కహాల్

జిడ్డుకీ, టంకం వేసేటప్పుడు వాడే ఫ్లక్స్ మిగిల్చిన పాత మరకలకీ ఇంతకు మించినది వెతకనక్కర్లేదు. అయితే సీసా మీద 99 శాతం అని ఉందో లేదో చూసి కొనండి. 70 శాతం రకంలో మిగతాది చాలావరకు నీళ్లే. చిప్ సాకెట్ల కింద ఆ తడి నిలిచిపోతుంది.

ముందు ప్లగ్ పీకి, బ్యాటరీ తీసేయండి. పొడి దుమ్మును మొదటే దులపాలి, లేదంటే బురదై స్లాట్లలోకి దిగుతుంది. తర్వాత మెత్తని బ్రష్‌తో ఆల్కహాల్ రాసి, కరిగిన మురికిని పోగులు రాలని గుడ్డతో వెంటనే అద్దేయాలి. వదిలేస్తే అదే తెల్లటి పొరగా ఆరిపోతుంది.

లీకైన నికెల్-కాడ్మియం బ్యాటరీ మిగిల్చే ఆకుపచ్చ తుప్పు మాత్రం దీనికి లొంగదు. కారింది క్షారం కాబట్టి, గ్లవ్స్ వేసుకుని కాస్త తెల్ల వెనిగర్ అద్ది, డిస్టిల్డ్ వాటర్‌తో కడిగాకే ఆల్కహాల్ పని.

పైకి నిమిషాల్లో ఆరినట్టు కనిపిస్తుంది. నమ్మొద్దు! గాలాడే చోట ఒక రోజంతా ఉంచండి. హెయిర్ డ్రయర్ అసలే వద్దు, ఆల్కహాల్ ఆవిరికి నిప్పంటుకుంటుంది. అక్రిలిక్ (గాజులా కనిపించే ప్లాస్టిక్) భాగాలకు ఆల్కహాల్ తగిలితే పగుళ్లొస్తాయి. పవర్ సప్లై, పిక్చర్ ట్యూబ్ మానిటర్ విప్పి లోపల రుద్దే ఆలోచన మానుకోండి. ప్లగ్ తీసినా వాటిలో ప్రమాదకరమైన చార్జ్ నిలిచి ఉంటుంది.