బెంగళూరు నుంచి ఫస్ట్ క్లాస్: కౌంటర్ దగ్గర మహారాణి, లౌంజ్‌లో మామూలు మనిషి

ఫస్ట్ క్లాస్ టికెట్ చేతిలో ఉంది కదా, లౌంజ్‌లో హాయిగా కూర్చుందామని నాలుగు గంటల ముందే ఎయిర్‌పోర్టుకి పరుగెత్తేవాళ్ళకి ముందే చెప్పేస్తున్నాను, వద్దు. బెంగళూరులో ఆ టికెట్ విలువంతా కారు దిగిన దగ్గర్నుంచి సెక్యూరిటీ దాటేదాకానే. ఆ తర్వాత విమానం తలుపు దాకా మీరూ, క్రెడిట్ కార్డు గీకి లోపలికొచ్చిన వాళ్ళూ ఒకే బల్ల దగ్గర ఒకే ఇడ్లీ తింటారు.

కొన్నేళ్ళుగా ఆఫీసు పని మీద యూరప్‌కి తిరుగుతున్నాను, ఎక్కువగా దుబాయ్ మీదుగా. టికెట్ కొన్నిసార్లు కంపెనీది, కొన్నిసార్లు బిజినెస్ టికెట్‌కి నా మైళ్ళు (తిరిగినందుకు ఎయిర్‌లైన్ ఇచ్చే పాయింట్లు) కలిపి పై క్లాసుకి మార్చుకున్నది. సొంత డబ్బు మొత్తం పెట్టి కొనే స్తోమత నాకు లేదు, ఉన్నా కొననేమో. కాబట్టి కిందిదంతా ఆ లెక్కలోనే చదవండి.

అసలు ఇక్కడి నుంచి ఫస్ట్ క్లాస్ ఉన్న విమానాలే వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు. ఎమిరేట్స్ 2022 అక్టోబర్ 30 నుంచి ఏ380 నడుపుతోంది, ఆ రెండంతస్తుల విమానంలో పైన ముందు భాగంలో 14 సూట్లు, అంటే చిన్న గదుల్లాంటి ఫస్ట్ క్లాస్ సీట్లు, ఉంటాయి. అది లేచేది తెల్లవారుజామున నాలుగున్నర ప్రాంతంలో. గల్ఫ్‌కీ యూరప్‌కీ వెళ్ళే పెద్ద విమానాలు చాలావరకు ఇలా అర్ధరాత్రి నుంచి తెల్లారేలోపే బయల్దేరతాయి. మన సౌకర్యం చూసి పెట్టిన టైము కాదది, అవతలి ఊరి సౌకర్యం. పొద్దున 7 గంటలకి దుబాయ్‌లో దింపితే అక్కడ వరసగా లేచే యూరప్, అమెరికా విమానాలు అందుతాయి. మన నిద్ర సంగతి ఎవరికి పట్టింది.

దీనివల్ల లాభం రోడ్డు మీద, నష్టం లౌంజ్‌లో. పగలు హెబ్బాళ్ ఫ్లైఓవర్ దాటడానికి పడే టెన్షన్ రాత్రి పన్నెండున్నరకి ఉండదు, మారతహళ్ళి నుంచి బయల్దేరితే సాదహళ్ళి టోల్ దాకా కారు ఎక్కడా ఆగినట్టే ఉండదు. అనంతపురం, హిందూపురం నుంచి వచ్చేవాళ్ళకి ఇంకా సుఖం, సిటీలోకి రాకుండానే ఎయిర్‌పోర్టు ఉన్న దేవనహళ్ళి తగులుతుంది, అందుకే టెర్మినల్ బయట వీడ్కోలు చెప్పే గుంపుల్లో ఎప్పుడు చూసినా తెలుగు వినిపిస్తుంది. ఎమిరేట్స్ ఫస్ట్, బిజినెస్ వాళ్ళకి డ్రైవర్‌తో కారు పంపిస్తుంది, కానీ టికెట్ రకాన్ని బట్టి ఉంటుంది, మైళ్ళతో మార్చుకున్న వాటికి ఉందో లేదో ముందే చూసుకుని బుక్ చేసుకోవాలి, ఆ రాత్రి ఫోన్ చేస్తే రాదు.

2023 సెప్టెంబర్ 12 నుంచి విదేశీ విమానాలన్నీ టెర్మినల్ 2 నుంచే. వెదురు పైకప్పు, వేలాడే మొక్కలు, లోపలే చిన్న చిన్న జలపాతాలు, బాగుంటుంది, ఫోటోలు అందరూ చూసే ఉంటారు. తలుపు దగ్గర సీఐఎస్ఎఫ్ వాళ్ళకి పాస్‌పోర్టు, టికెట్ చూపించాలి. డిజియాత్ర యాప్ ఉంది కదా, మొహం చూపిస్తే చాలనుకుని వచ్చేవాళ్ళు ఇప్పటికీ కనిపిస్తారు, అది దేశంలోపల తిరిగే విమానాలకే.

ఇక చెక్-ఇన్. ఇక్కడ మాత్రం పెట్టిన ప్రతి రూపాయీ కనిపిస్తుంది. పక్కన ఎకానమీ లైను పెట్టెలతో, పిల్లలతో పాములా మెలికలు తిరిగి ఉంటే ఫస్ట్ క్లాస్ కౌంటర్ ముందు కార్పెట్ ముక్క ఖాళీగా ఉంటుంది. ఆ కాస్త దూరం నడుస్తుంటే లైనులో నిలబడ్డ వాళ్ళ చూపులు తగులుతాయి, నాకు ఇప్పటికీ కొంచెం సిగ్గుగానే ఉంటుంది. కౌంటర్‌లో ఒకసారి ఒక అమ్మాయి నా పాస్‌పోర్టులో నెల్లూరు చూసి, "మేడమ్, విండో సైడ్ ఉంచమంటారా?" అని అప్పటిదాకా మాట్లాడుతున్న ఇంగ్లీషు ఆపేసి తెలుగులో అడిగింది. బాగేపల్లి అమ్మాయట. ఊరు కర్ణాటకలో ఉన్నా ఇంట్లో మాట తెలుగే. రెండు నిమిషాల తర్వాత మేడమ్ పోయి అక్కా వచ్చింది.

ఆ అమ్మాయి నా పెట్టెకి ట్యాగ్ వేస్తుండగానే పక్క కౌంటర్‌లో ఒక పెద్దావిడ సామాను తెరిపించారు. దుబాయ్‌లో ఉన్న కొడుకు దగ్గరికి వెళ్తోంది. చెట్నీపొడి, కారప్పొడి, నూనె కారకుండా మూడు కవర్లు చుట్టిన ఆవకాయ, వాటి కింద ఎండు కొబ్బరి చిప్పలు. ఆవకాయ పెద్ద పెట్టెలో ఉంది కాబట్టి ఏమీ అనలేదు, కొబ్బరి మాత్రం తీసెయ్యమన్నారు.

"కొబ్బరే కదమ్మా, దానంతట అది అంటుకుంటదా ఏంది?" అందావిడ.

"అదే భయం అవ్వా," అంది బాగేపల్లి అమ్మాయి, ఇటు నుంచే.

నిజమే, ఎండు కొబ్బరిలో నూనె ఎక్కువ, గాలితో కలిసి మెల్లగా దానికదే వేడెక్కగలదు, మూసిన సామాను గదిలో అది ప్రమాదం. అందుకే విమానాల్లో ప్రమాదకరమైన సరుకుల జాబితాలో దానికి యూఎన్ 1363 అని ఒక నంబరే ఉంది. ఫస్ట్ క్లాస్ అయినా ఈ రూలు మారదు. మారేది బరువు ఒక్కటే, ఎమిరేట్స్‌లో ఈ దారిన 50 కిలోలు, అదీ ఒక్కో పెట్టె 32 కిలోలు దాటకూడదు. ఆవకాయ చేతి సంచిలో పెట్టకండి, సెక్యూరిటీ దగ్గర వదిలేసి రావాల్సి వస్తుంది, ఏ టికెట్ చూపించినా వినరు.

పెట్టె ముందుగా రావాలని కట్టే ప్రయారిటీ ట్యాగ్ మీద మాత్రం నాకు పెద్దగా నమ్మకం లేదు. ఒకసారి వేరే ఎయిర్‌లైన్‌లో ఆ ట్యాగ్ కట్టిన నా పెట్టె బెల్టు మీదికి అందరి సామాన్లూ వచ్చాక, దాదాపు మనుషులంతా వెళ్ళిపోయాక వచ్చింది. ఇప్పుడు ట్యాగ్ రంగు చూడటం మానేసి, దాని మీద చివరి ఊరి కోడ్ సరిగ్గా పడిందా లేదా అన్నది చూస్తున్నాను.

ఇమిగ్రేషన్‌కి ఒక ఉచిత సలహా, నిజంగానే ఉచితం. కేంద్ర ప్రభుత్వం ఎఫ్‌టీఐ-టీటీపీ (ఫాస్ట్ ట్రాక్ ఇమిగ్రేషన్ - ట్రస్టెడ్ ట్రావెలర్ ప్రోగ్రామ్) అని ఒక పథకం పెట్టింది, మొదట 2024 జూన్‌లో ఢిల్లీలో, 2025 జనవరి 16 నుంచి బెంగళూరులో, చెన్నైలో, హైదరాబాద్‌లో కూడా. వెబ్‌సైట్‌లో దరఖాస్తు పెట్టి, పిలిచినప్పుడు వేలిముద్రలు ఇస్తే చాలు, తర్వాత ఈ-గేట్ దగ్గర పాస్‌పోర్టు పెడితే తలుపు తెరుచుకుంటుంది. ఐదేళ్ళు చెల్లుతుంది, పాస్‌పోర్టు గడువు అంతకంటే ముందే అయిపోతే అప్పటిదాకానే. ఫస్ట్ క్లాస్ వాళ్ళకి దొరికే ప్రయారిటీ వరస కంటే ఇదే నాకు ఎక్కువసార్లు పనికొచ్చింది. ఇది ఎకానమీ టికెట్‌తో కూడా పనిచేస్తుంది, అదే దీని అందం.

సరే, లౌంజ్. నేను వెళ్ళే ఎయిర్‌లైన్‌కి బెంగళూరులో సొంత లౌంజ్ లేదు. చెక్-ఇన్‌లో బోర్డింగ్ పాస్‌తో పాటు ఒక స్లిప్పు ఇస్తారు, అది చూపిస్తే అందరి లౌంజ్‌లోకే పంపిస్తారు. మనిషికి ఇంత అని ఎయిర్‌లైన్ కడుతుంది. బ్యాంకులూ తమ కార్డుల వాళ్ళకి అలాగే కడతాయి. 1939లో న్యూయార్క్ లాగార్డియాలో అమెరికన్ ఎయిర్‌లైన్స్ మొదటి లౌంజ్ తెరిచినప్పుడు పిలుపు ఉన్నవాళ్ళకే ప్రవేశం. ఇవాళ ఆ పిలుపు పర్సులో ఉన్న ప్లాస్టిక్ ముక్క. కార్డు వాళ్ళని తప్పుపట్టను, ఫస్ట్ క్లాస్ లేనప్పుడు నేనూ కార్డు గీకే వెళ్తాను. కానీ ఫస్ట్ క్లాస్ అని చెప్పి ఇచ్చే లౌంజ్ అదే అయినప్పుడు ఆ మాటకి ఇక్కడ అర్థం లేదు.

రాత్రి 1 నుంచి 3 మధ్య లోపల కుర్చీ దొరకడమే అదృష్టం, పెద్ద విమానాలన్నీ అప్పుడే కాబట్టి ఆ జనమంతా ఒకేసారి పడతారు. ప్లగ్ పాయింట్ ఉన్న కుర్చీలు ముందు పోతాయి. ఇది చిన్న విషయం కాదు, ఎందుకంటే ఎమిరేట్స్ 2025 అక్టోబర్ 1 నుంచి విమానంలో పవర్ బ్యాంక్ వాడకూడదంది, ఒకటి వెంట పెట్టుకోవచ్చు గానీ దాంతో ఛార్జ్ చేసుకోవడానికి లేదు, కాబట్టి ఫోన్ లౌంజ్‌లోనే నింపుకుని ఎక్కితే మేలు. గోడ వారగా, బఫేకి దూరంగా ఉన్న మూల చూసుకోండి. బఫే పక్కన కూర్చుంటే ప్లేట్ల చప్పుడుకి కళ్ళు మూతపడవు.

తిండి సంగతి. ఆ టైములో ఎవరు తింటారు అనుకుంటాం, చూస్తే అందరూ తింటుంటారు, రెండింటికి బిర్యానీ ప్లేటు నిండా పెట్టుకునేవాళ్ళు కూడా. నా అనుభవంలో వేడి పెనం ముందు మనిషి నిలబడి వేసే దోసె నమ్మొచ్చు, మూత కింద గంటలుగా ఆవిరి పడుతున్న ఇడ్లీని నమ్మలేం, పక్కలు గట్టిపడి చెంచా దిగదు. చట్నీ ఒకసారి బాగుంటే ఇంకోసారి నీళ్ళు. కాఫీ మెషీన్ నుంచి కాకుండా ఫిల్టర్ కాఫీ అడిగి చేయించుకోండి, అడిగితే చేసిస్తారు, అడగకపోతే మెషీన్ వైపు చెయ్యి చూపిస్తారు. ఇంత దూరం వచ్చి, బెంగళూరులో కూర్చుని, మెషీన్ కాఫీ తాగడం ఏం ఖర్మ.

బోర్డింగ్‌కి ఎవరో వచ్చి పిలుస్తారని కూర్చోవద్దు. తెర మీద మీ నంబరు మీరే చూసుకోవాలి. బయల్దేరే టైముకి 20 నిమిషాల ముందే గేటు మూసేస్తారు, లౌంజ్ నుంచి గేటు దాకా నడక ఉంటుంది, పెద్దవాళ్ళు వెంట ఉంటే ఇంకా ముందు లేవాలి.

ఇదే టికెట్‌తో దుబాయ్‌లో దిగితే కథ వేరు. ఏ380ల కోసం 2013లో తెరిచిన కాన్‌కోర్స్ ఏలో (కాన్‌కోర్స్ అంటే గేట్లుండే భవనం) ఫస్ట్ క్లాస్ లౌంజ్ ఒక అంతస్తు మొత్తం. కార్డు వాళ్ళు లేరు, జనం పలచగా, బల్ల దగ్గరికే మెనూ తెచ్చిస్తారు, కిందికి దిగితే నేరుగా విమానంలోకే. అంత పెద్ద చోట మొదట్లో బెరుకుగా ఉంటుంది, మాట్లాడితే గొంతు అవతలి గోడ దాకా వెళ్తుందేమో అనిపిస్తుంది. తర్వాతి విమానం కాన్‌కోర్స్ బీ నుంచో సీ నుంచో ఉంటే అక్కడా ఫస్ట్ క్లాస్ లౌంజ్ ఉంది, ముందు గేటు చూసుకుని అప్పుడు కూర్చోండి. ఆకలి ఉంటే దుబాయ్‌కి దాచుకోండి అని నేను చెప్పేది ఇందుకే.

బెంగళూరు నుంచి దుబాయ్ నాలుగు గంటల పైచిలుకు. పడుకోవాలా, స్నానం చెయ్యాలా, తినాలా, మూడింటికీ టైము చాలదు. ఏ380లో ముందు వైపు రెండు షవర్ గదులు ఉంటాయి, గది అరగంట మీది, నీళ్ళు మాత్రం 5 నిమిషాలే. ఎక్కగానే అడిగి టైము చెప్పించుకోండి, దిగే ముందు అందరికీ ఒకేసారి స్నానం గుర్తొస్తుంది. నేను ఇంట్లో భోంచేసి బయల్దేరి, లౌంజ్‌లో కాఫీతో సరిపెట్టి, ఎక్కగానే పడుకుంటాను.

ఇంకోటి, విమానం మారిపోయి ఫస్ట్ క్లాస్ లేని విమానం వస్తే కింది క్లాసులో కూర్చోబెడతారు. అప్పుడు కౌంటర్‌లో ఇచ్చే కూపనో క్షమాపణో తీసుకుని ఊరుకోకండి, క్లాసు తగ్గించినట్టు రాసి ఇమ్మని అడగండి. మన విమానయాన నియంత్రణ సంస్థ డీజీసీఏ 2023 ఫిబ్రవరి 15 నుంచి దీనికి లెక్క పెట్టింది, విదేశీ ప్రయాణంలో దూరం 1500 కిలోమీటర్ల లోపైతే టికెట్‌లో 30 శాతం, 3500 దాకా 50, అది దాటితే 75 శాతం వెనక్కి. విదేశీ ఎయిర్‌లైన్లు తమ దేశపు రూలు చూపిస్తాయి, ఐరోపా సమాఖ్యకి చెందిన ఎయిర్‌లైన్‌లో అక్కడికే వెళ్తుంటే వాళ్ళ 261/2004 నిబంధనలో కూడా ఇవే శాతాలు ఉన్నాయి, కాబట్టి అక్కడ వాదించడం తేలిక.

మార్కులు వేయమంటే చెక్-ఇన్‌కి పదికి తొమ్మిది, లౌంజ్‌కి నాలుగు, అందులోనూ ఒకటి ఆ ఫిల్టర్ కాఫీకి. బిజినెస్ టికెట్ ఉన్న మా ఆఫీసు వాళ్ళు నాతో పాటే అదే లౌంజ్‌లో కూర్చుంటారు, వాళ్ళ కౌంటర్ దగ్గరా పెద్ద లైను ఉండదు, అంటే నేల మీద ఇక్కడ బిజినెస్‌కీ ఫస్ట్‌కీ తేడా దాదాపు సున్నా. అందుకని మైళ్ళు ఖర్చు పెట్టాలనుకుంటే బెంగళూరు నుంచి దుబాయ్ ముక్క మీద వేస్ట్ చెయ్యకండి, దాన్ని బిజినెస్‌లోనే ఉంచి, దుబాయ్ నుంచి అవతలికి వెళ్ళే పొడుగు ప్రయాణానికి వాడండి, ఆ పెద్ద లౌంజ్ కూడా దాంతోనే వస్తుంది. పూర్తిగా మైళ్ళతోనే ఫస్ట్ క్లాస్ టికెట్ తీసుకోవాలంటే మాత్రం 2025 మే నుంచి ఎమిరేట్స్ మైళ్ళ పథకం స్కైవార్డ్స్‌లో కనీసం సిల్వర్ స్థాయి అయినా ఉండాలి, మామూలు నీలం కార్డుతో ఎన్ని మైళ్ళున్నా ఇవ్వరు.