డీలర్ 275 కిలోమీటర్ల దూరంలో ఉంటే: డుకాటీ స్క్రాంబ్లరా, మోటో గుజ్జి వీ7నా?

బెజవాడ నుంచి హైదరాబాద్ 275 కిలోమీటర్లు. బండి సర్వీసుకిచ్చి బస్సులో తిరిగొచ్చి, మళ్లీ వెళ్లి తెచ్చుకోవడమంటే రెండు రోజులు పోయినట్టే. అందుకే సెకండ్ హ్యాండ్‌లో ఇటాలియన్ బండి చూసేవాళ్లు హార్స్‌పవర్ కన్నా ముందు, ఏ పని ఇంటి దగ్గర అవుతుందో, ఏ పనికి షోరూం గుమ్మం తొక్కాల్సిందేనో లెక్క వేసుకోవాలి.

రెండూ గాలితో చల్లబడే రెండు సిలిండర్ల ఇంజన్లే. స్క్రాంబ్లర్ 803 సీసీ, కొత్త వీ7 853 సీసీ. రెండింటికీ నాలుగేసి వాల్వులు. అసలు తేడా ఆ వాల్వుల దగ్గరే మొదలవుతుంది.

వీ7 హెడ్లు (వాల్వులుండే ఇంజన్ పైభాగాలు) రెండు పక్కలకీ పొడుచుకొచ్చి ఉంటాయి. వాల్వు గ్యాప్ సరిచేయడానికి ట్యాంకు కదపక్కర్లేదు. ప్లగ్గులు తీసి, కవరు విప్పి, పిస్టన్‌ను కంప్రెషన్ టాప్‌కి (రెండు వాల్వులూ మూసుకుని పిస్టన్ పైకొచ్చే చోటికి) తెచ్చి, ఫీలర్ గేజ్ (సందు కొలిచే పల్చటి రేకు) పెట్టి, లాక్ నట్ వదులు చేసి స్క్రూ తిప్పితే చాలు. వాల్వులను నొక్కే చిన్న మీటలు, అంటే రెండు రాకర్లూ, కాస్త లూజుగా ఆడకపోతే మీరున్నది వేరే స్ట్రోక్‌లో, ఇంకో చుట్టు తిప్పండి. ఇంజన్ పూర్తిగా చల్లారి ఉండాలి కాబట్టి ఎండాకాలంలో తెల్లవారుజామునే మొదలుపెట్టాలి. గ్యాప్ ఎంతన్నది మీ మోడల్ మాన్యువల్‌లో చూసే పెట్టండి, ఇంకెవరో చెప్పిన అంకెతో కాదు.

స్క్రాంబ్లర్‌ది డెస్మో అనే డుకాటీ పద్ధతి. వాల్వును మూసే పని స్ప్రింగుది కాదు, దానికీ ఒక రాకర్ ఉంటుంది. అంటే నాలుగు వాల్వులకు ఎనిమిది కొలతలు. సరిచేయడానికి షిమ్ములు (కొలిచిన మందంతో ఉండే చిన్న లోహపు బిళ్లలు) మార్చాలి. కావాల్సిన మందం పెట్టెలో లేకపోతే విప్పిన ఇంజన్ అలాగే కూర్చుంటుంది. ఆటోనగర్ మేస్త్రీల పనితనంలో లోపం లేదు, లేనిది ఆ షిమ్ముల సెట్టే. ఈ చెకింగ్ ప్రతి 12,000 కిలోమీటర్లకు వస్తుంది. పైగా వాల్వులను పిస్టన్లతో లయలో నడిపే టైమింగ్ బెల్టులు 24,000 కిలోమీటర్లకు, లేదా అయిదేళ్లకు, ఏది ముందైతే అప్పుడు మార్చాలి. బెల్టు తెగితే వాల్వు పిస్టన్‌కు తగులుతుంది. ‘బండి తక్కువ తిరిగింది’ అన్న మాటకు మురిసిపోకండి. ఏడేళ్ల బండి ఎనిమిది వేలే తిరిగినా బెల్టుల గడువు దాటిపోయినట్టే, మార్చిన బిల్లు అడగండి.

ఇంతవరకూ వీ7దే పైచేయి. చైనుకు బదులు ఇనుప ఇరుసుతో చక్రం తిప్పే షాఫ్ట్ బండి కాబట్టి చైను కడగడం, నూనె పెట్టడం కూడా ఉండవు. కానీ వీ7కి డ్రై క్లచ్, అంటే ఆయిల్లో తడవని క్లచ్. బందరు రోడ్డు ట్రాఫిక్‌లో హాఫ్ క్లచ్‌లో పాకిస్తే ప్లేటు కాలిపోతుంది, దాన్ని మార్చాలంటే ఇంజన్‌నూ గేర్‌బాక్సునూ విడదీయాలి. సిగ్నల్ దగ్గర న్యూట్రల్ వేయడం అలవాటు చేసుకోవాల్సిందే. వెనక చక్రం తీసినప్పుడల్లా అది డ్రైవ్‌తో కలిసే పళ్లకు (స్ప్లైన్లకు) గ్రీజు పట్టించాలి, ఎండిపోతే తుప్పు పట్టి పళ్లు అరిగిపోతాయి. ఇంజన్ ఆయిల్ గీత దాటి పోయకూడదు, ఎక్కువైతే బ్రీదర్ (ఇంజన్ లోపలి గాలి బయటికిపోయే గొట్టం) గుండా ఎయిర్ ఫిల్టర్ పెట్టెలోకి చేరుతుంది. డ్రై క్లచ్‌తో ఒక మేలూ ఉంది: గ్రేడు 10డబ్ల్యూ-60 అయితే కారు ఆయిలూ పనికొస్తుంది. స్క్రాంబ్లర్‌ది ఆయిల్లో తడిసే క్లచ్, దానికి జాసో ఎంఏ (తడి క్లచ్ బైకులకు పనికొస్తుందన్న ముద్ర) అని రాసున్న బైకు ఆయిలే పోయాలి.

స్పేర్ల విషయంలో మాత్రం డుకాటీ ముందుంది. దేశంలో తిరిగే బండ్లూ ఎక్కువ, డీలర్లూ ఎక్కువ. గుజ్జికి చిన్న గ్యాస్కెట్టు కావాలన్నా ఆర్డరు పెట్టి ఎదురుచూడాలి. కాబట్టి వీ7 కొన్న వారంలోనే రెండు ఆయిల్ ఫిల్టర్లు, వాల్వ్ కవర్ గ్యాస్కెట్లు, ప్లగ్గులు, క్లచ్ కేబుల్, రెండు లీవర్లు తెప్పించి ఇంట్లో పెట్టుకోండి. చక్రాల బేరింగులకు కంగారు అక్కర్లేదు, రెండు బండ్లకూ అంతే: పైన చెక్కిన నంబరు, సీలు అయితే లోపలి, బయటి వ్యాసాలు, మందం చెబితే ఆటోనగర్‌లో వెతికి పట్టుకోవచ్చు.

పానా పట్టే అలవాటున్నవాళ్లకు మా ఓటు వీ7కే. పని మీద ఎలాగూ తరచూ హైదరాబాద్ వెళ్లేవాళ్లయితే స్క్రాంబ్లర్ తీసుకోండి, సర్వీసు ఆ ప్రయాణంలోనే కలిసిపోతుంది. ఏది కొన్నా రెండు తాళాలూ చేతికొచ్చాకే డబ్బు కట్టండి. ఇమ్మొబిలైజర్ తాళం (లోపలి చిప్ సరిపోతేనే ఇంజన్ స్టార్టయ్యే తాళం) మామూలు తాళాల షాపులో చేయించడం కుదరదు.