లండన్ నుంచి పారిస్‌కు సైకిళ్ల మీద, ఒక హాస్పిస్ కోసం

జూన్‌లో పద్దెనిమిది మందిమి కలిసి లండన్ నుంచి పారిస్‌కు నాలుగు రోజులు సైకిళ్లు తొక్కాం. అవసానదశలో ఉన్నవారిని కనిపెట్టుకుని ఉండే ఒక హాస్పిస్‌కు విరాళాలు పోగుచేయడం కోసం ఈ యాత్ర. మా ఆఫీసులో పనిచేసే ఒకావిడ భర్త చివరి మూడు వారాలు అక్కడే ఉన్నారు. ఆలోచన ఆవిడదే. ఆవిడకు యాభై ఎనిమిదేళ్లు.

ఇలాంటి యాత్రలకు డబ్బు కట్టే పద్ధతులు రెండు. ఖర్చు మనమే పెట్టుకుంటే విరాళమంతా సంస్థకు వెళ్తుంది. లేదా ఇంత మొత్తం సేకరిస్తామని ఒప్పుకుంటే, యాత్ర ఖర్చు అందులోంచే తీస్తారు. మేము మొదటిదే ఎంచుకున్నాం. స్నేహితులు ఇచ్చిన విరాళంతో నా హోటల్ గది అద్దె కట్టడానికి నాకు మనసొప్పలేదు. ఇంకో మాట. బ్రిటన్‌లో పన్ను కట్టే దాతలు గిఫ్ట్ ఎయిడ్ అనే ప్రభుత్వ పథకానికి సమ్మతి తెలిపితే, పౌండుకు మరో 25 పెన్నీలు ప్రభుత్వం నుంచి సంస్థకు చేరతాయి. ప్రతి దాతకూ ఆ సంగతి గుర్తుచేయండి.

లండన్ ఐ అనే జెయింట్ వీల్ దగ్గర మొదలై పారిస్‌లోని నోటర్‌డామ్ చర్చి దగ్గర ముగిసే ఈ దారి పేరు అవెన్యూ వెర్ట్. 2012లో ప్రారంభించారు. ఇంగ్లండ్ వైపు అసలు దారి బాగా చుట్టు. మా నిర్వాహకులు మొదటిరోజు డిచ్లింగ్ బీకన్ కొండ మీదుగా న్యూహేవెన్ రేవుకు తీసుకెళ్లారు. ఆ కొండ ఎత్తు 248 మీటర్లే. కానీ రోజంతా తొక్కిన కాళ్లతో ఆ నిటారు మలుపులు ఎక్కడం చాలా కష్టం. సగంలో దిగి నడిపించుకుంటూ వెళ్లినవాళ్లలో నేనూ ఉన్నాను.

ఓడలో సైకిళ్లను వాహనాల అంతస్తులోనే తాళ్లతో కట్టేస్తారు. ఫ్రాన్స్ వైపు రేవైన దియెప్ చేరడానికి దాదాపు నాలుగు గంటలు. భారతీయ పాస్‌పోర్టు ఉన్నవారు షెంగెన్ వీసా ముందే తీసుకోవాలి. ఓడ దిగగానే కుడిపక్కన తొక్కాలన్నది మొదటి గంటలో పదేపదే గుర్తుచేసుకోవాల్సి వచ్చింది.

మొత్తం యాత్రలో నాకు బాగా నచ్చింది ఆర్క్ లా బతాయ్ నుంచి ఫోర్జ్ లెజోవరకు ఉన్న దారి. ఒకప్పటి రైలుమార్గం అది. పట్టాలు తీసేసి నున్నటి తారు వేశారు. రైళ్ల కోసం వేసిన దారి కాబట్టి ఎక్కుడు తెలియనంత మెల్లగా ఉంటుంది, కార్లు ఉండవు. రెండు పక్కలా పచ్చిక, ఆవులు. మధ్యలో న్యూషాటెల్ ఆన్ బ్రేలో ఆగి హృదయాకారంలో చేసే చీజ్ కొనుక్కున్నాం. పల్లెల్లో మధ్యాహ్నం రెండు గంటలపాటు దుకాణాలు మూసేస్తారు. కొనాల్సినవన్నీ ముందే కొనుక్కోండి.

మూడోరోజు గిజోర్ వైపు గుట్టల దారిలో నాకు కోపం వచ్చింది. సహాయక వ్యాన్ ముందున్నవాళ్లతోనే వెళ్లిపోయింది. నేనూ ఆవిడా భోజనం చేసే చోటికి చేరేసరికి నీళ్ల డబ్బా ఖాళీ, మిగిలింది రెండు అరటిపళ్లు. "మీరు వెళ్లండి, నేను నెమ్మదిగా వస్తాను" అన్నారావిడ. ఆవిడను వదిలి వెళ్లబుద్ధి కాలేదు. ఇద్దరం పళ్లు పంచుకుని, ఒక రైతు ఇంటి కుళాయి దగ్గర సీసాలు నింపుకున్నాం. డబ్బు కట్టేముందు నిర్వాహకులను ఒక్కటి అడగండి: అందరికన్నా వెనకపడినవారి వెంట ఎవరుంటారు? మా వాళ్లను ఆ సాయంత్రం గట్టిగా నిలదీశాక, నాలుగోరోజు ఒక గైడ్ చివరివరకు వెనకే వచ్చాడు.

మెకానిక్ విషయంలో మాత్రం వంక పెట్టలేను. అదే రాత్రి ఆవిడ వెనక చక్రంలో ఒక పుల్ల (స్పోక్) విరిగిందని చూశాం. హోటల్ పెరట్లో తలకు దీపం కట్టుకుని కూర్చుని, కొత్త పుల్ల వేసి, చక్రాన్ని వేలితో తిప్పుతూ, బ్రేకు రబ్బరుకు ఎక్కడ తగులుతుందో చూసుకుంటూ వంకర తీశాడు. పదకొండు దాటింది. మర్నాడు వంద కిలోమీటర్లు ఆ చక్రం చప్పుడు చేయలేదు.

బసల్లో ఫోర్జ్‌లోని చిన్న హోటలే మేలు. గదులు ఇరుకే. కానీ సైకిళ్లు పెట్టుకోవడానికి తాళం ఉన్న గది, తడి బట్టలు ఆరేసుకోవడానికి తాడు ఉన్నాయి. గిజోర్‌లో గదులు విశాలమైనా భోజనం రాత్రి తొమ్మిదిన్నరకు గానీ రాలేదు.

చివరిరోజు సెయిన్ నది దాటి, సెంట్‌డెనీ కాలువ గట్టు వెంబడి పారిస్‌లోకి ప్రవేశించాం. ముందు చేరినవాళ్లు నోటర్‌డామ్ ఎదుట సైకిళ్లు వాల్చి కూర్చున్నారు. ఆవిడ రావడానికి నలభై నిమిషాలు పట్టింది. అందాకా ఎవ్వరూ ఫొటో తీసుకోలేదు. ఆవిడ వచ్చి, హెల్మెట్ తీసి, చొక్కా జేబులోంచి భర్త చేతిగడియారం బయటికి తీసి టైము చూశారు. సాయంత్రం ఆరూ పది.