జాగ్రత్త: అడ్మిట్ మీది, మెయిల్ పాస్‌వర్డ్ మాత్రం కన్సల్టెన్సీది

అమెరికాలో ఎంఎస్‌కి రెండు మూడు అడ్మిట్లు వచ్చి, ఏది ఖాయం చేసుకోవాలో తేలక తల పట్టుకున్నవాళ్ళ కోసం ఇది రాస్తున్నాను. పోయిన ఏడాది నాదీ ఇదే పరిస్థితి. వెయ్యి డాలర్లు పోయాయి. అంతకంటే పెద్దది ఇంకోటి కూడా పోయింది, అది కింద చెప్తాను. కన్సల్టెన్సీ పేరు రాయడం లేదు. ఆ ఒక్కదాన్ని తప్పించుకుని ఇంకో చోట ఇలాగే ఇరుక్కుంటే లాభం లేదు కదా.

నాకు రెండు అడ్మిట్లు. ఒకటి ఎనిమిది వేల డాలర్ల స్కాలర్‌షిప్‌తో వచ్చింది, రెండోదాంట్లో పైసా సాయం లేదు. బుధవారం కౌన్సెలర్ ఫోన్ చేశాడు. "కంగ్రాట్స్ తమ్ముడూ! ఇంక ఆలోచించేదేముంది? శుక్రవారంలోపు డిపాజిట్ కట్టేయ్, లేకపోతే ఆ స్కాలర్‌షిప్ వేరేవాళ్ళకి వెళ్ళిపోతుంది."

"అన్నా, ఒక్క వారం టైమ్ ఇవ్వు, ఇంట్లో మాట్లాడాలి" అన్నాను.

"సరే నీ ఇష్టం. తర్వాత నన్ను అడగకు మరి."

ఆ 'మరి' దెబ్బకి ఆ రాత్రి నిద్ర పట్టలేదు. గురువారం సాయంత్రం నాన్న కార్డుతో వెయ్యి డాలర్ల డిపాజిట్ కట్టేశాం. అప్పటికి నేను చూసింది ఆఫర్ లెటర్ మొదటి పేజీ ఒక్కటే, అదీ వాట్సాప్‌లో పంపిన స్క్రీన్‌షాట్. మిగతా పేజీలు పంపమని అడగాలన్న ఆలోచన కూడా రాలేదు. ఆ తప్పు నాదే, ఒప్పుకుంటున్నాను.

అసలు లెటర్ నా దగ్గర ఎందుకు లేదంటే, అప్లికేషన్లన్నీ వాళ్ళే తెరిచిన జీమెయిల్‌తో పంపారు. "నీకు కన్ఫ్యూజన్ ఉండదు, అన్నీ ఒకచోట ఉంటాయి" అన్నారు. పాస్‌వర్డ్ కూడా వాళ్ళ దగ్గరే. మూడు వారాల తర్వాత ఐ-20 కోసం (స్టూడెంట్ వీసాకి యూనివర్సిటీ ఇచ్చే పత్రం) బ్యాంకు కాగితాలు అప్‌లోడ్ చేయాల్సి వచ్చింది. కౌన్సెలర్ సెలవులో ఉన్నాడు, ఆఫీసులో ఇంకో అమ్మాయి ఏమీ అనకుండా పాస్‌వర్డ్ ఇచ్చేసింది. లాగిన్ అయ్యాను.

ముందు లెటర్ తెరిచాను. డిపాజిట్‌కి చివరి తేదీ మే 1. శుక్రవారం అన్న మాటే ఎక్కడా లేదు. స్కాలర్‌షిప్ నాలుగు సెమిస్టర్లకి, సెమ్‌కి రెండు వేల చొప్పున. జీపీఏ 3.5 కంటే తగ్గితే అంతే సంగతులు. మూడో పేజీలో, సన్న అక్షరాల్లో ఇంకో మాట: నా డిగ్రీ బ్యాక్‌గ్రౌండ్ వల్ల మూడు ఫౌండేషన్ కోర్సులు చేయాలి, అవి డిగ్రీ లెక్కలోకి రావు.

కాగితం మీద లెక్క వేశాను. కోర్సు 36 క్రెడిట్లు, ఫౌండేషన్ 9, మొత్తం 45. క్రెడిట్‌కి 1,100 డాలర్లు, అంటే 49,500. స్కాలర్‌షిప్ పూర్తిగా వచ్చిందనుకున్నా 41,500. సెమ్‌కి 9 క్రెడిట్ల చొప్పున ఐదు సెమిస్టర్లు పడుతుంది. ఐదో సెమ్‌కి స్కాలర్‌షిప్ లేదు, పైగా ఆ నెలల అద్దె, తిండి ఖర్చు అదనం. 'పైసా సాయం లేని' రెండో చోట 30 క్రెడిట్లు, ఒక్కోటి 950. మొత్తం 28,500. స్కాలర్‌షిప్ వచ్చిన చోటే పదమూడు వేలు ఎక్కువ కట్టబోతున్నాను!

ఇక అసలు సంగతి. రెండో యూనివర్సిటీ లెటర్ కోసం ఆ పేరుతో ఇన్‌బాక్స్‌లో వెతికాను. ఆర్కైవ్‌లో ఒక మెయిల్ తగిలింది. డిపార్ట్‌మెంట్ కోఆర్డినేటర్ రాశారు. టీఏ, అంటే టీచింగ్ అసిస్టెంట్ పోస్టు ఒకటి ఖాళీగా ఉందట, నా ప్రాజెక్టు నచ్చిందట, పదిహేను నిమిషాలు వీడియో కాల్‌లో మాట్లాడగలవా అని అడిగారు. ఎంపికైతే ట్యూషన్ ఫీజు మాఫీ, నెల నెలా జీతం. చదవని మెయిల్ లావు అక్షరాల్లో ఉంటుంది కదా, ఇది సన్నగా ఉంది. ఎవరో తెరిచి, చదివి, పక్కకి తోసేశారు. తేదీ చూశాను. మెయిల్ వచ్చింది మంగళవారం. నాకు 'శుక్రవారంలోపు' ఫోన్ వచ్చింది ఆ మర్నాడే.

అప్పటికప్పుడు కోఆర్డినేటర్‌కి జవాబు రాశాను. మర్యాదగానే చెప్పారు: పోస్టు నిండిపోయింది, అడ్మిట్ మాత్రం అలాగే ఉంది. కౌన్సెలర్‌ని నిలదీస్తే "టీఏ గ్యారంటీ ఏం కాదు తమ్ముడూ, నిన్ను కన్ఫ్యూజ్ చేయడం ఎందుకని" అన్నాడు.

ఎందుకో తర్వాత అర్థమైంది. చాలా యూనివర్సిటీలు చేరిన ఒక్కో విద్యార్థికి ఇంత అని ఏజెంట్లకి కమీషన్ ఇస్తాయి. ఫెడరల్ (అమెరికా కేంద్ర ప్రభుత్వ) సాయం తీసుకునే కాలేజీలు అమెరికా విద్యార్థుల కోసం ఇలా తలకింత అని ఇవ్వడానికి అక్కడి చట్టం ఒప్పుకోదు. బయటి దేశాల్లో ఉన్న విదేశీ విద్యార్థుల విషయంలో మాత్రం మినహాయింపు ఉంది. అంటే కమీషన్ తీసుకోవడం నేరం కాదు. నాకు చెప్పకపోవడమే నా బాధ. మా ఫ్రెండ్ ఒకడు వెళ్ళిన కన్సల్టెన్సీలో కమీషన్ సంగతి మొదటి రోజే చెప్పారట, పాస్‌వర్డ్‌లు కూడా వాడి చేతికే ఇచ్చారు. అలాంటివాళ్ళూ ఉన్నారు.

తొందరపెట్టినప్పుడు ఒకటి గుర్తుంచుకోండి. కౌన్సిల్ ఆఫ్ గ్రాడ్యుయేట్ స్కూల్స్ అనే సంఘం తీర్మానం ఒకటి ఉంది. దాని మీద సంతకం చేసిన యూనివర్సిటీలు అసిస్టెంట్‌షిప్ (టీఏ లాంటివి), ఫెలోషిప్ లాంటి ఫండింగ్ ఆఫర్లకి ఏప్రిల్ 15కి ముందే జవాబు చెప్పమని ఒత్తిడి చేయకూడదు. ఉత్త అడ్మిషన్ డిపాజిట్‌కి ఇది వర్తించదు, దానికి లెటర్‌లో ఉన్న తేదీయే తేదీ. ఎవరైనా ఫోన్‌లో తేదీ చెప్తే, అది లెటర్‌లో ఏ పేజీలో ఉందో అడగండి.

కోర్సు పేరు చూసి 'ఇది స్టెమ్' (సైన్స్, టెక్నాలజీ, ఇంజినీరింగ్, మ్యాథ్స్ కోవది) అని కూడా నమ్మేయకండి. పేరులో టెక్నాలజీ అని ఉన్నంత మాత్రాన కాదు, ఐ-20 మీద వేసే సీఐపీ కోడ్ (ఏ సబ్జెక్టో చెప్పే నంబరు) అమెరికా ప్రభుత్వ స్టెమ్ జాబితాలో ఉండాలి. 11.0701 అంటే కంప్యూటర్ సైన్స్, అది ఉంది. 52.0201 అంటే మామూలు బిజినెస్ అడ్మినిస్ట్రేషన్, అది లేదు. స్టెమ్ అయితే 12 నెలల ఓపీటీ (చదువయ్యాక అక్కడ పని చేసుకునే అనుమతి) మీద ఇంకో 24 నెలలు అడగొచ్చు. కాకపోతే ఆ 12 నెలలే. కోడ్ ఏంటో యూనివర్సిటీకే మెయిల్ పెట్టి అడగండి, చెప్తారు.

చివరికి నేను రెండో చోటికే వెళ్ళాను, టీఏ లేకుండా. డిపాజిట్ తిరిగి రాలేదు, అది వెనక్కివ్వరని లెటర్‌లోనే ఉంది. ఎటూ తేల్చుకోకముందే మొదటి చోటి ఐ-20 వచ్చింది, దాని మీద 350 డాలర్ల సెవిస్ ఫీజు (విదేశీ విద్యార్థులు వీసాకి ముందు అమెరికా ప్రభుత్వానికి కట్టేది) కట్టేశాను, అదీ పోయిందనుకున్నాను. కానీ దాన్ని కొత్త ఐ-20కి మార్పించుకోవచ్చు, మళ్ళీ కట్టక్కర్లేదు. ఈ మాట కూడా కన్సల్టెన్సీ చెప్పలేదు, యూనివర్సిటీ ఇంటర్నేషనల్ ఆఫీసు వాళ్ళు చెప్పారు.

ఈ ఏడాది మా పిన్ని కూతురు అప్లై చేస్తోంది, వేరే కన్సల్టెన్సీలో. పాస్‌వర్డ్ తన దగ్గరే ఉందని ధీమాగా చెప్పింది. మొన్న ఆదివారం వీడియో కాల్‌లో కూర్చుని జీమెయిల్ సెట్టింగ్స్ తెరిపించాను. రికవరీ నంబరు (పాస్‌వర్డ్ మార్చడానికి కోడ్ వచ్చే ఫోన్) చివరి నాలుగు అంకెలు తనవి కావు, ఆ కన్సల్టెన్సీ ఆఫీసువి. అప్పటికప్పుడు మార్పించాను.