డీటీహెచ్ తీసేద్దామా, ఉంచుదామా: రెండు నెలలు లెక్క చూశాక మేం చేసిన పని

మా ఇంట్లో డీటీహెచ్ పెట్టించి పదకొండేళ్లయింది. హాల్లో ఒక బాక్స్, అత్తయ్యగారి గదిలో ఇంకో బాక్స్. హాల్లో దానికి నెలకి 412, గదిలో దానికి 198, మొత్తం 610 రూపాయలు. ఏడాదికి 7,320. ఇది కాక ఇంటర్నెట్‌కి జీఎస్టీతో కలిపి 707 కడుతున్నాం, అందులోనే రెండు మూడు యాప్‌లు కూడా వస్తాయి. ఈ రెండు బిల్లులూ ఒకే రోజు ఫోన్లో పక్కపక్కన కనిపించేసరికి మా ఆయన "ఇంటర్నెట్ ఉన్న ఇంట్లో ఇంకా ఆ డిష్ ఎందుకు, తీసేద్దాం" అన్నారు. నాకూ నిజమే అనిపించింది. కానీ తీసేశాక మళ్లీ పెట్టించుకోవడం ఖర్చుతో పని కాబట్టి, ముందు అసలు ఏం చూస్తున్నామో తెలుసుకుందాం అన్నాను.

కంపెనీ పేరు రాయడం లేదు. నేను చెప్పబోయే ఇబ్బందులు చాలా ఇళ్లలో, చాలా కంపెనీలతో ఉన్నవే.

టీవీ పక్కన క్యాలెండర్ ఉంటుంది మాకు. దానికి దారంతో ఒక పెన్సిల్ కట్టి, ఎవరు ఏ ఛానెల్ పావుగంట కంటే ఎక్కువ చూసినా ఆ తేదీ గడిలో పేరు రాయాలని పెట్టాను. మావాడు ఇంటర్ రెండో సంవత్సరం, వాడు రెండు రోజులు రాసి మానేశాడు, ఎందుకంటే వాడు టీవీ చూడనే చూడడు, ఉన్నదంతా ఫోన్లోనే. మిగతా ముగ్గురం నెలంతా రాశాం. బాక్స్‌లో మూడు వందలకు పైగా ఛానెళ్లు వస్తాయి. నెలాఖరుకి గడుల్లో ఉన్నవి ఏడు. ఈటీవీ, జెమిని, స్టార్ మా, జీ తెలుగు, ఎస్వీబీసీ, ఒక సినిమా ఛానెల్, ఒక వార్తల ఛానెల్. మా ప్యాక్‌లో హిందీ సినిమా ఛానెళ్లు, పిల్లల కార్టూన్లు, ఇంగ్లిష్ వార్తలు, అరడజను స్పోర్ట్స్ ఛానెళ్లు ఉన్నాయి. వాటి పేరు ఒక్క గడిలో కూడా పడలేదు.

ఇది చూసి మా ఆయన ఇంకేం, తీసేద్దాం అన్నారు. నేను మాత్రం ఏడింటిలో ఐదు ఎవరి పేరు మీద పడ్డాయో చూడమన్నాను. అత్తయ్యగారివి.

ధరల సంగతి కొంచెం చెప్పాలి, ఎందుకంటే నాకూ మొన్నటిదాకా సరిగ్గా తెలియదు. 2019 ఫిబ్రవరి 1 నుంచి ట్రాయ్, అంటే ఫోన్, టీవీ సర్వీసుల మీద రూల్స్ పెట్టే ప్రభుత్వ సంస్థ, కొత్త పద్ధతి పెట్టింది. దాని ప్రకారం మనం కట్టేది రెండు భాగాలు. ఒకటి ఛానెళ్లు మన ఇంటిదాకా చేర్చినందుకు తీసుకునే నెట్‌వర్క్ ఫీజు, అప్పట్లో వంద ఛానెళ్లకి 130 రూపాయలు, దానిమీద 18 శాతం పన్ను. తర్వాత 2020లో అదే 130కి రెండు వందల ఛానెళ్లు ఇవ్వాలని మార్చారు, 2024లో ఈ ఫీజు మీద పరిమితే ఎత్తేశారు. మా కంపెనీ మాత్రం ఇప్పటికీ 130 తీసుకుంటోంది. రెండో భాగం డబ్బు కట్టి చూసే ఛానెళ్లది, ఒక్కోదానికి దాని ధర. 19 రూపాయలు దాటిన ఛానెల్‌ని ప్యాక్‌లో కలపకూడదని ఇంకో రూల్ ఉంది. ఉచిత ఛానెళ్లకి నెట్‌వర్క్ ఫీజు తప్ప వేరే ధర ఉండదు, ఎస్వీబీసీ అలాంటిదే. అంటే మనకు కావాల్సినవి మాత్రమే విడివిడిగా ఎంచుకునే హక్కు మనకి ఏళ్ల నుంచి ఉంది. మేం వాడుకోలేదు, అంతే. టెక్నీషియన్ పెట్టిన ప్యాక్‌నే, ధర పెరిగినప్పుడల్లా పెంచి కట్టుకుంటూ వచ్చాం.

విడిగా ఎంచుకోవడం కంపెనీ సులువుగా పెట్టిందా అంటే లేదు, ఈ విషయంలో నాకు చాలా కోపంగా ఉంది. యాప్ తెరిస్తే ముందు కనిపించేవి పెద్ద ప్యాక్‌లు. ఛానెళ్లు కలుపుకోవడానికి రెండు నొక్కులు చాలు, తీయడానికి మాత్రం ఎక్కడెక్కడో వెతకాలి. కస్టమర్ కేర్‌కి ఫోన్ చేస్తే "మీ బడ్జెట్‌కి తగ్గ ప్యాక్ ఉంది మేడమ్" అని ఇంకో ప్యాకే చెప్పారు. "నాకు ప్యాక్ వద్దు, ఛానెళ్లు విడిగా కావాలి" అని మూడుసార్లు చెప్పాల్సొచ్చింది. అంతకుముందు ఏడాది ఇంకోటి జరిగింది. అత్తయ్యగారు రిమోట్‌లో పచ్చ బటన్ పొరపాటున నొక్కితే భక్తి పాటల సర్వీసేదో మొదలైంది, కొన్ని రోజులు ఉచితం, ఆ తర్వాత రోజుకి రెండు రూపాయల చొప్పున బ్యాలెన్స్‌లోంచి పోతూనే ఉంది. మాకు తెలిసేసరికి నాలుగు నెలలు. రెండు రూపాయలే కదా అనిపిస్తుంది, నాలుగు నెలలకి రెండు వందల నలభై. ఆవిడ మాత్రం డబ్బు తన వల్లే పోయిందని బాధపడి కొన్నాళ్లు ఆ రిమోట్ ముట్టుకోవడానికే భయపడ్డారు. రంగు బటన్లకి ఇలాంటివి తగిలించే పద్ధతి పెద్దవాళ్లున్న ఇళ్లకి అన్యాయం.

ఇక వాన. మాది తెనాలి. ఈ సిగ్నల్ పెద్ద వానలో నిలవదు, నీటి చుక్కలు దాన్ని అడ్డుకుంటాయి, ఏ కంపెనీ డిష్ అయినా అంతే. మామూలు జల్లుకైతే ఏమీ కాదు. 2023 డిసెంబరు 5న మిచౌంగ్ తుపాను బాపట్ల దగ్గర తీరం దాటినప్పుడు కరెంటూ లేదు, డిష్ కూడా కదిలిపోయింది. దాన్ని తిప్పి సరిచేసినందుకు టెక్నీషియన్ విజిట్ చార్జీ అని 250 తీసుకున్నారు. తుపాను రోజున మాకు వార్తలు తెలిసింది ఫోన్లోనే, అది కూడా ఛార్జింగ్ ఉన్నంతసేపే. తుపానులప్పుడు టీవీనే నమ్ముకోవాలనే వాదన మా ఇంట్లో పనికిరాలేదు.

సరే, తీసేస్తే ఎలా ఉంటుందో చూద్దామని జూన్‌లో రీచార్జ్ చేయకుండా వదిలేశాం. హాల్లోది స్మార్ట్ టీవీ కాబట్టి అందులో యాప్‌లు పెట్టాం. ఇక్కడే తెలిసిన విషయం, తెలుగు ఛానెళ్లు నాలుగు గ్రూపులవి, వాటి యాప్‌లూ నాలుగు. స్టార్ మా జియోహాట్‌స్టార్‌లో, జీ తెలుగు జీ5లో, జెమిని సన్ నెక్స్ట్‌లో, ఈటీవీ ఈటీవీ విన్‌లో. మా ఇంటర్నెట్ ప్లాన్‌తో వచ్చేవి రెండే. మిగతా రెండు విడిగా కొనాలి. నాలుగూ కలిపి లెక్కేస్తే డిష్‌లో ఆ నాలుగు ఛానెళ్లకి అయ్యేదానికంటే ఎక్కువే తేలింది. డిష్ అంటే పాత పద్ధతి, యాప్ అంటే చవక అనుకునేవాళ్లు ఈ లెక్క ఒకసారి వేసుకోవాలి. మీ ఇంట్లో చూసేది ఒక్క గ్రూపు సీరియళ్లే అయితే యాప్ ఖచ్చితంగా చవక. పైగా కొన్ని సీరియళ్లు టీవీకంటే ముందే ఉదయాన్నే యాప్‌లో వచ్చేస్తాయి. మూడు నాలుగు గ్రూపులవి చూసే ఇల్లయితే కాదు.

డబ్బు సంగతి అదయితే, అసలు ఇబ్బంది వేరే చోట వచ్చింది.

అత్తయ్యగారికి డెబ్బై నాలుగేళ్లు. ఆవిడ గదిలో రిమోట్ మీద అంకెలు అరిగిపోయాయి, వెనక మూత పోయి ప్లాస్టర్ వేసి ఉంటుంది. ఆవిడకి అంకెలు కనిపించక్కర్లేదు, బొటనవేలితో తడిమి నొక్కుతారు. తనకి కావాల్సిన ఐదు ఛానెళ్ల నంబర్లు మావాడు స్కెచ్ పెన్‌తో పెద్దగా రాసిన అట్టముక్క ఒకటి టీవీ కింద అతికించి ఉంది, ఇప్పుడు అది కూడా చూడరు. పొద్దున ఎస్వీబీసీ, మధ్యాహ్నం పన్నెండింటికి అదే ఛానెల్లో శ్రీవారి కల్యాణోత్సవం, సాయంత్రం ఏడు నుంచి సీరియళ్లు, తొమ్మిదింటికి ఈటీవీ వార్తలు. సీరియళ్ల టైముకి పక్కింటి పిన్నిగారు వస్తారు. ఇద్దరూ చూస్తూ దీపానికి ఒత్తులు చేస్తారు, మధ్యలో ప్రకటనలు రాగానే లేచి ఒకరు పొయ్యి మీద పాలు చూసుకుంటారు, ఒకరు నడుం సాగదీస్తారు, కథ గురించి మాట్లాడుకుంటారు.

యాప్ పెట్టిన మూడో రోజున నేను వంటింట్లో ఉంటే "అమ్మాయ్, ఇదేదో నంబరు అడుగుతోంది చూడు" అని పిలిచారు. లాగిన్ పోయింది, ఓటీపీ మా ఆయన ఫోన్‌కి వెళ్లింది, ఆయన కొట్లో ఉన్నారు, గిరాకీ టైములో ఫోన్ ఎత్తలేదు. పిన్నిగారు కాసేపు కూర్చుని వెళ్లిపోయారు. ఇంకో రోజు అప్‌డేట్ అడిగింది. ఇంకో రోజు నెట్ నెమ్మదించి బొమ్మ తిరుగుతూ ఆగిపోయింది. ఎపిసోడ్ ఎక్కడికీ పోదు, తర్వాతైనా చూడొచ్చు అని నేనే చెప్పాను ఆవిడకి. కానీ ఆవిడకి కావాల్సింది ఏడున్నరకి పిన్నిగారితో కలిసి చూడటం. పైగా గదిలోది పాత టీవీ, యాప్ రాదు, హాల్లోకి వచ్చి కూర్చోవాలి, అక్కడ మా ఆయన ఉంటే ఆవిడ ఏదీ పెట్టమని అడగరు. రెండో వారానికి సాయంత్రాలు వరండాలో కూర్చోవడం మొదలుపెట్టారు. ఏమీ అనలేదు. పదిహేనో రోజున మా ఆయనే నాతో "అమ్మ టీవీ చూడటం మానేసినట్టుంది, రీచార్జ్ చేయించు" అన్నారు.

ఇది రాస్తున్నది ఎందుకంటే, డిష్ తీసేయాలా వద్దా అని ఎక్కడ చదివినా ధర, ఛానెళ్ల సంఖ్య, హెచ్‌డీ, ఇవే ఉంటాయి. ఇంకొకరి సాయం లేకుండా నొక్కగలిగే రిమోట్ అనేది ఎవరూ లెక్కలో వేయరు. ఆవిడకి ఆ టీవీ రోజంతటిలో ఎవరినీ అడగకుండా చేసుకోగలిగిన పనుల్లో ఒకటి. యాప్ వచ్చాక ప్రతిసారీ నన్నో మనవడినో పిలవాల్సి వచ్చింది. అందుకని పిలవడమే మానేశారు.

దూరదర్శన్ వాళ్ల ఫ్రీ డిష్ కూడా ఆలోచించాం. ఒక్కసారి పెట్టించుకుంటే నెలనెలా కట్టేది లేదు, డీడీ సప్తగిరి, యాదగిరి వస్తాయి. మా వీధిలో ఒకరింట్లో ఉంటే వెళ్లి చూశాను, అత్తయ్యగారి సీరియళ్ల ఛానెళ్లు వాళ్ల బాక్స్‌లో కనిపించలేదు, కాబట్టి మాకు కుదరదు. క్రికెట్ చూసేవాళ్లకి మాత్రం అందులో ఒక లాభం ఉంది. ముఖ్యమైన మ్యాచ్‌ల సిగ్నల్‌ని దూరదర్శన్‌తో పంచుకోవాలని 2007లో చట్టం వచ్చింది. అయితే ఆ మ్యాచ్‌లు ఫ్రీ డిష్‌లోనే చూడాలి, ప్రైవేటు డీటీహెచ్‌లో ఉన్న డీడీ ఛానెల్లో రావు. మా ఆయన ఒకసారి మన బాక్స్‌లో డీడీ స్పోర్ట్స్ పెట్టి మ్యాచ్ రాలేదేంటని బాక్స్‌ని రెండుసార్లు రీస్టార్ట్ చేశారు. కారణం ఇదే.

చివరికి చేసింది ఇది. హాల్లో బాక్స్ ఆపేశాం, అక్కడ యాప్‌లే. ఇంటర్నెట్‌తో వచ్చేవాటితో సరిపెట్టుకుంటాం, ఐపీఎల్ కూడా అందులోనే చూస్తాం. అత్తయ్యగారి గదిలో కనెక్షన్ ఉంచాం. హెచ్‌డీ వద్దన్నాం, ఆ పాత టీవీకి తేడా తెలియదు. ప్యాక్ తీయించి నాలుగు ఛానెళ్లు, ఒక సినిమా ఛానెల్ విడిగా పెట్టించాం, ఉచితంగా వచ్చేవి ఎలాగూ వస్తాయి. పన్నులతో కలిపి నెలకి 256. అంటే ముందుకంటే నెలకి 354 తగ్గింది, ఏడాదికి నాలుగు వేలు దాటింది. ఒక చిక్కు వచ్చింది, పాతికేళ్లుగా హాల్లో అన్నం తింటూ టీవీ పెట్టుకునే అలవాటున్న మా ఆయనకి ఇప్పుడు ఏదో ఒకటి వెతికి పెట్టుకోవాల్సొస్తోంది, మొదటి వారం విసుక్కున్నారు.

మీరు కూడా ఇలా చేయించుకోవాలనుకుంటే ఫోన్‌లో మాట్లాడటం కంటే వెబ్‌సైట్‌లో లాగిన్ అయి మీరే మార్చుకోవడం నయం, ఎవరూ మాటల్లో పెట్టరు. మార్చే ముందు ఆటో పే తీసేయండి, లేకపోతే పాత మొత్తమే కట్ అవుతుంది. ఏడాదికి ఒకేసారి కట్టిన ప్లాన్ అయితే అది పూర్తయ్యేదాకా ఆగడం మంచిది, మధ్యలో తగ్గిస్తే మిగిలిన డబ్బు గురించి వాదన పడాల్సొస్తుంది. కొన్ని నెలలు పిల్లల దగ్గరికి వెళ్లేవాళ్లయితే పూర్తిగా తీసేయకుండా తాత్కాలికంగా ఆపమని అడగొచ్చు. ఆ పచ్చ, ఎరుపు బటన్ల సర్వీసులు ఏవైనా నడుస్తున్నాయేమో కూడా ఒకసారి చూసుకోండి.

సర్వీసుకి మార్కులు వేయమంటే బొమ్మకి, ఛానెల్ మార్పు వేగానికి మంచి మార్కులే వేస్తాను. కస్టమర్ కేర్‌కి, డబ్బు కోసేసే పద్ధతికి వేయను. క్యాలెండర్ పెన్సిల్ ఇంకా అక్కడే వేలాడుతోంది. సినిమా ఛానెల్ పేరు ఈ నెల ఇప్పటిదాకా రెండు గడుల్లోనే పడింది, నెలాఖరుకి కూడా అంతే ఉంటే అత్తయ్యగారిని అడిగి అదీ తీయించేస్తాం.