పాత యానిమేషన్ సినిమాల్లో ఏది ముందు చూడాలి? 'అహ్మద్ యువరాజు'దే నా ఓటు

మొట్టమొదటి పూర్తి నిడివి యానిమేషన్ సినిమా ఏదని అడిగితే చాలామంది తడుముకోకుండా 'స్నో వైట్' అంటారు. అది నిజం కాదు. డిస్నీ సినిమా 1937 డిసెంబరులో లాస్ ఏంజిలిస్‌లో తెరకెక్కడానికి ఇరవై ఏళ్ళ ముందే, 1917లో, అర్జెంటీనాలో కిరినో క్రిస్టియాని అట్టముక్కల బొమ్మలతో 'ఎల్ అపోస్తొల్' అనే రాజకీయ వ్యంగ్య చిత్రం తీశాడు. దాని ప్రింట్లు అగ్నిప్రమాదంలో కాలిపోయాయి. ఎంత కోరుకున్నా ఇప్పుడు చూడలేం. అందుకే మిగిలిన పాత సినిమాల్లో ఏది ముందు చూడాలి అన్నదే అసలు ప్రశ్న. నన్నడిగితే 1926 నాటి జర్మన్ సినిమా 'అహ్మద్ యువరాజు సాహసాలు' అంటాను. ఇప్పటికీ దొరుకుతున్న యానిమేషన్ ఫీచర్ సినిమాల్లో అన్నిటికంటే పాతది అదే.

దాన్ని తీసింది లోట్టే రైనిగర్. మొదలుపెట్టేనాటికి ఆమెకి పాతికేళ్ళు కూడా నిండలేదు. 1923లో జర్మనీలో డబ్బు విలువ గంటగంటకీ పడిపోతుంటే, లూయీ హాగెన్ అనే బ్యాంకరు డబ్బు దాచుకోవడం దండగని ముడి ఫిల్ము కొని పెట్టుకున్నాడు. ఆ ఫిల్ముతో పెద్ద సినిమా తియ్యమని ఆమెనే అడిగాడు. పోట్స్‌డామ్‌లో అతని ఇంటి దగ్గర, కారు షెడ్డు మీది గదిలో మూడేళ్ళు పని జరిగింది. భర్త కార్ల్ కోచ్ కెమెరా చూసుకున్నాడు. సాయానికి ఇంకో నలుగురైదుగురు, అంతే.

పనితీరు చూస్తే మన తోలుబొమ్మలాట గుర్తొస్తుంది. నల్లటి అట్టనీ పల్చటి సీసపు రేకునీ కత్తెరతో కత్తిరించి, కీళ్ళ దగ్గర సన్నటి తీగలతో ముడేసి, కింద నుంచి వెలుగు పడే గాజుబల్ల మీద పడుకోబెట్టేవాళ్ళు. పైనుంచి కెమెరా. బొమ్మని వెంట్రుకవాసి జరపడం, ఒక ఫ్రేము తియ్యడం, మళ్ళీ జరపడం. తేడా ఏమిటంటే మన బొమ్మలకి రంగులుంటాయి, తెరవెనక మనుషులు అప్పటికప్పుడు ఆడిస్తారు. రైనిగర్ బొమ్మలు పూర్తి నలుపు. కళ్ళూ పెదాలూ కనపడవు కాబట్టి ఏడుపైనా సిగ్గయినా మెడ వంపులో, వేళ్ళ కదలికలో తెలియాలి. నీళ్ళలో దిగిన పరీ బాను ఈకల వస్త్రాన్ని అహ్మద్ ఎత్తుకుపోయే ఘట్టం చూడండి. దేవకన్య బట్టలు దొంగిలించే కథలు మనకీ ఉన్నాయి. కానీ ఆమె బతిమాలుతున్నప్పుడు ఆ చేతులు చూస్తుంటే, ఇది ప్రేమకథ అని మురిసిపోవడం నా వల్ల కాలేదు. ఆ బెదురంతా ఒక అట్టముక్కలోంచి వస్తోందని గుర్తు చేసుకోవాల్సి వచ్చింది.

చివర్లో మంత్రగత్తెకీ మాంత్రికుడికీ జరిగే పోరాటం ఇంకో ఎత్తు. ఒకరు సింహమైతే ఒకరు పాము, ఒకరు తేలైతే ఒకరు కోడిపుంజు. జానపద సినిమాలు చూసి పెరిగినవాళ్ళకి ఇది సొంతింటి సరుకే. ఒక రూపంలోంచి ఇంకో రూపంలోకి మారే ఆ క్షణాలు వందేళ్ళ తరవాత కూడా కళ్ళప్పగించి చూసేలా ఉన్నాయి.

లోపాలు లేవని కాదు. ఆఫ్రికా మాంత్రికుణ్ణి చూపించిన తీరు ఇవాళ ఇబ్బంది పెడుతుంది. మూకీ సినిమా కాబట్టి, మధ్యలో వచ్చే అక్షరాల కార్డుల్ని చిన్నపిల్లలకి ఎవరో ఒకరు పక్కన కూర్చుని చదివి చెప్పాలి.

అలా పక్కన కూర్చునే ఓపిక లేకపోతే 'స్నో వైట్' పెట్టండి. పిల్లలు కదలరు. దాదాపు 15 లక్షల డాలర్లు ఖర్చయిన సినిమా అది. తీస్తున్నప్పుడు డిస్నీకి పిచ్చి పట్టిందని హాలీవుడ్‌లో చెవులు కొరుక్కున్నారు. తెర మీది అందమంతా ఒకరి చేతి పని కాదు. వందలమంది బొమ్మలు గీశారు. ఆడవాళ్ళు ఎంతోమంది సెల్యులాయిడ్ షీట్ల మీద ఇంకుతో గీతలు దిద్ది, రంగులు నింపారు. అడవికి లోతు రావడానికి బొమ్మల్ని వేరువేరు గాజుపలకల మీద పేర్చి తీసే మల్టీప్లేన్ కెమెరా వాడారు. (గాజుపలకల్ని పొరలుగా పేర్చడం రైనిగర్ బృందం అంతకుముందే చేసింది.)

'స్నో వైట్'లో నాకు నచ్చేది యువరాణి కాదు, మరుగుజ్జులు. ఏడుగురికీ ఏడు నడకలు. ఆమె చనిపోయిందనుకుని చుట్టూ నిలబడి ఏడ్చేటప్పుడు కదలిక చాలా తక్కువ. ఆ నిదానమే గుండె పట్టేస్తుంది. గీసిన బొమ్మలు ప్రేక్షకుల్ని ఏడిపించగలవని రుజువు చేసిన సినిమా ఇది. యువరాజు మాత్రం వచ్చామా వెళ్ళామా అన్నట్టుంటాడు. మామూలు మగమనిషిని సహజంగా కదిలించడం కష్టమై అతని పాత్రనే కుదించారు.

మూడోది 1941లో షాంఘైలో వాన్ సోదరులు తీసిన 'ఇనుప విసనకర్ర యువరాణి'. చుట్టూ జపాన్ సైన్యం, మధ్యలో విదేశీయుల అధీనంలో మిగిలిన చిన్న ప్రాంతం. అక్కడ కూర్చుని, 'స్నో వైట్' చూసిన ఉత్సాహంతో చైనా మొదటి యానిమేషన్ ఫీచర్ తీశారు. 'పశ్చిమ యాత్ర' నవలలోని వానరుడు సున్ వుకొంగ్ మండే కొండని ఆర్పడానికి యువరాణి విసనకర్ర కావాలని వెళ్తాడు, ఇవ్వనంటే ఆమె కడుపులోకి దూరి నానా హంగామా చేస్తాడు. హనుమంతుడి కథలు తెలిసిన పిల్లలకి వీడు ఇట్టే దగ్గరైపోతాడు. అయితే కథ చివర్లో వృషభ రాక్షసుణ్ణి లొంగదీసేది వానరుడి బలమొక్కటే కాదు, ఊరి జనమంతా కలిసి రావడం. ఆక్రమణలో ఉన్న ప్రేక్షకులకి ఆ మాట ఎవరి గురించో విడమరిచి చెప్పక్కర్లేదు.

సాంకేతికంగా మాత్రం మూడింట్లో ఇదే బలహీనం. నటుల్ని ఫిల్ము తీసి వాళ్ళ కదలికల మీదే గీయడం వల్ల కొన్నిచోట్ల మనుషులు నీళ్ళలో తేలుతున్నట్టు కదులుతారు. దొరికే ప్రింట్లు కూడా మసకే. అయినా ధైర్యం లెక్కేస్తే నేను దీన్ని 'స్నో వైట్' కంటే ఒక మెట్టు పైనే పెడతాను. జపాన్‌లో కుర్రాడిగా దీన్ని చూసిన ఒసాము తెజుకా తరవాత అక్కడి కామిక్స్‌కీ యానిమేషన్‌కీ పెద్ద దిక్కయ్యాడు.

ఇక నవ్వుకోవడానికే కావాలంటే, పారిస్‌లో స్టారెవిచ్ తీసిన 'నక్క కథ' ఉంది. తోలు ముఖాల బొమ్మల్ని కదిపి తీసిన సినిమా. బొమ్మల పని 1930కే పూర్తయినా, శబ్దం కుదరక 1937లో బెర్లిన్‌లో విడుదలైంది. ఒకర్నొకరు తినకూడదని సింహం ఆజ్ఞ వేస్తే, నక్క దాన్ని లెక్కచెయ్యకుండా వేసే ఎత్తులు చూసి తీరాలి.

'అహ్మద్' విషయంలో ఒక జాగ్రత్త. అసలు నెగెటివ్ రెండో ప్రపంచ యుద్ధంలో పోయింది. మిగిలిన ప్రింటు ఆధారంగా 1990ల చివర్లో దాన్ని పునరుద్ధరించి, సన్నివేశానికో రంగుగా నీలం, పసుపు అద్దకాలు తిరిగి తెచ్చారు. వోల్ఫ్‌గాంగ్ జెల్లర్ అప్పట్లో ఈ సినిమా కోసమే కట్టిన సంగీతం కూడా దానికి తోడైంది. ఉత్త తెలుపు నలుపులో, ఏదో ఒక పియానో అతికించిన కాపీ ఎదురైతే వదిలేసి, రంగుల అద్దకం ఉన్నదాన్నే వెతికి పట్టుకోండి.